వానలు పడ్డాక పోయిండ్రా?

మొన్న మా ఇంట్లో కుక్కరు రబ్బరు తెగిపోయింది. మా కోడలు గొణుక్కుంటూనే అటక మీది పాత గిన్నె దింపి, అన్నం వండి, మూత అడ్డం పెట్టి గంజి వార్చింది. నేను షోలాపూరులో బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లోని మా ఇంటి గడపలో కూర్చుని కొత్తిమీర ఏరుతున్నాను. వేడి గంజి వాసన వచ్చి ముఖానికి తగిలేసరికి చేతిలో కట్ట చేతిలోనే ఉండిపోయింది. ఆమె గంజిని మోరీలో పోయబోతుంటే "ఆగాగు, పారబొయ్యకు" అని కేకేశాను. ఎందుకని అడిగింది. ఎందుకో నాకు తెలిస్తే గదా చెప్పడానికి. ఈ ఇంట్లో గంజి పట్టించాల్సిన నూలు లేదు, గంజి తాగే మనిషీ లేదు.

జోడ్‌భావి పేటలో నా చిన్నతనంలో తెల్లవారిందని ముందు ముక్కుకు తెలిసేది, తర్వాత కళ్లకు. మిల్లు భోంగా ఊరంతటినీ లేపుతూ కూయకముందే కొంతం చౌక్ వైపు నుంచి వచ్చే సందు పొడుగునా కర్రలు నిలబెట్టి, వాటి మీద పడుగులు సాగదీసి, ఎండ ముదరకముందే మగవాళ్లు అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెలతో గంజి పట్టించేవారు. తెల్లవి, నీలివి, వంకాయరంగువి, ఆ నూలుదారుల కింద నుంచి వంగి వంగి బడికి పోవడం మాకు ఆట, మా తల తగిలి ఒక్క పోగు తెగితే తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడు భాషల్లో వరసగా వచ్చే తిట్లు మాకు పాఠం. బడిలో నేర్చుకున్నదానికంటే అక్కడ నేర్చుకున్నదే నాకు ఎక్కువ గుర్తుంది.

మాది ఒక వాడాలో ఒకే ఒక ఖోలీ. మధ్యలో వాకిలి, చుట్టూ పది కుటుంబాలు, అందరికీ కలిపి ఒక నల్లా, ఆ నల్లా దగ్గర రోజుకొక మహాయుద్ధం. మా గదిలో అమ్మ, బాపు, నేను, మా బాపమ్మ. బాపమ్మ అంటే బాపును కన్నతల్లి. సన్నగా, నల్లగా, వెదురుపుల్లలా ఉండేది, మాట మాత్రం దుడ్డుకర్ర. గది నడిమి దూలానికి ఒక మూట వేలాడుతుండేది. దాని కింద నిలబడి తల దువ్వుకోకూడదు, దాని వైపు కాళ్లు పెట్టి పడుకోకూడదు, దాన్ని గురించి నవ్వకూడదు. దేవుడి పటానికి కూడా మా ఇంట్లో ఇన్ని నియమాలు లేవు.

ఆ మూటలో ఉన్నది మా తాత మగ్గం పన్నె. పడుగు పోగులు ఒక్కొక్కటిగా దూరివచ్చే సన్నటి పుల్లల దువ్వెన లాంటిది అది. చీర నేయడం అయిపోగానే పోగుల్ని మొత్తం లాగెయ్యరు. పన్నెకు అంటిపెట్టుకుని జానెడు కొసలు వదిలి కోస్తారు. కొత్త పడుగు వచ్చాక దాని పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అట్లా నిన్నటి చీర కొసకు ఇవాళ్టి చీర, దాని కొసకు రేపటి చీర. మగ్గం ఉన్న ఇంట్లో పోగు అసలు తెగనే తెగదని బాపమ్మ చెప్పేది. కరీంనగరం దిక్కున ఎర్రకుంట అనే ఊళ్లో, బావులు అడుగంటి, నూలు ఇచ్చే షావుకారి కొట్టు మూసేసి, జనం చింతగింజలు ఉడకబెట్టుకు తిన్న కరువులో, మా తాత జ్వరంతో పోయాడు. ఆయన నేసిన చివరి చీరను బాపమ్మ కోసి, కొసలతో సహా పన్నెను చాపలో చుట్టి, మీసమైనా రాని మా బాపును వెంటేసుకుని షోలాపూరు వచ్చింది. ఇక్కడ మిల్లులున్నాయి, మగ్గాలున్నాయి, అంతకుముందు కరువుల్లో వచ్చిన మనవాళ్లున్నారు, కూలి దొరుకుతుంది, కూడు దొరుకుతుంది. వానలు పడగానే పోవాలని వచ్చింది. పోయి, అవే కొసలకు మళ్లీ పడుగు అతుకుతుంది. అందుకే ఆమె లెక్కలో ఎర్రకుంటలో మా మగ్గం ఆగిపోలేదు, కాస్త అలుపు తీర్చుకుంటున్నదంతే. ఒక మగ్గం కొసల మీద ఉండగా ఆ ఇంటివాళ్లు ఇంకో మగ్గం పెట్టకూడదని ఆమె కట్టుబాటు. బాపు అందుకే ఇంకొకరి కార్ఖానాలో ఇంకొకరి మగ్గం మీద కూర్చునేవాడు.

వానలు ఎన్నోసార్లు పడ్డాయి. ఆ దిక్కు నుంచి ఎవరు వచ్చినా బాపమ్మ ముందు మంచినీళ్లు ఇచ్చేది, తర్వాత "వానలు పడ్డయా?" అని అడిగేది. పడ్డాయంటే ముఖం వెలిగిపోయి "ఈ పంటకు పోదాం" అనేది. ఆ పంటకు ఏదో అడ్డొచ్చేది, బాపు పెళ్లో, నేను పుట్టడమో. అయినా ఆమె ప్రయాణంలోనే ఉండేది. గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. తులసిని పగిలిన కుండలో పెట్టింది, ఎత్తుకుపోవడానికి వీలుగా. పెద్ద గంగాళం కొందామని అమ్మ అంటే "ఎవలు మోస్తరే దాన్ని?" అనేది. మా అమ్మ షోలాపూర్లోనే పుట్టి, ఇక్కడే బీడీలు చుట్టడం నేర్చి, ఇక్కడే పెళ్లాడిన మనిషి. ఆమెకు కోపం వస్తే మరాఠీ వచ్చేది. "కశాలా పోవాలె అత్తా? ఏమున్నది ఆ ఊర్ల?" అని ఒక్కసారి అడిగింది. బాపమ్మ ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. నన్ను పిలిచి "మీ అమ్మకు చెప్పు, ఆడ సీతాఫలాలున్నయని" అంది.

ఇక్కడ మాత్రం లేనిదేముందని నాకు లోలోపల అనిపించేది. చలికాలంలో లేత జొన్నకంకులు నిప్పుల మీద కాల్చి అరచేతుల్లో నలిపితే వచ్చే ఆకుపచ్చటి హుర్డా, దాంట్లోకి దంచిన పల్లీల కారం, ఆ కారం పెట్టుకున్న చేత్తోనే కళ్లు నలుపుకుని ఏడవడం. మార్కండేయుడి రథం వెళ్లే పున్నమి నాడు మగవాళ్లందరూ కొత్త జంధ్యాలు వేసుకుని తామే పెళ్లికొడుకులైనట్టు తిరగడం. ఊరవతల తంగేడు పూలు కోసుకొచ్చి వాడా వాకిట్లో పేర్చిన బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను చూసి పక్కింటి మరాఠీ ఆవిడ చీర కొంగు బిగించి తానూ చప్పట్లు కలపడం, తర్వాత సత్తుపిండి ముద్దలు పట్టుకుపోయి బదులుగా పూరణ్‌పోళీలు పంపడం. ఖాళీ కండెలే మా బొమ్మలు, తునికాకు కత్తిరించగా మిగిలిన ముక్కలు వాటికి గొడుగులు. సాయంత్రం లగోరీ ఆడుతూ మేం పేర్చిన రాళ్లు పడిపోయినప్పుడు అరిచే అరుపులకు పేట అంతటా వినిపించే మగ్గాల చప్పుడు కూడా కాసేపు వెనక్కి తగ్గేది.

పొద్దు వాలాక మా వాడా ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వాకిట్లో కూర్చునేవారు. అప్పుడు వచ్చేది సువార్తమ్మ. మా పక్క ఖోలీ ఆమెదే, ప్రసూతి దవాఖానాలో ఆయా. ఆమెవాళ్లు కూడా కరువులోనే మెదక్ దిక్కు నుంచి వచ్చి, క్రైస్తవులై ఇక్కడ నిలిచారు. చర్చిలో విన్న బైబిలు కథలు చెప్పడంలో ఆమెను మించినవాళ్లు లేరు. బాపమ్మ సువార్తమ్మ ఇంటి నీళ్లు ముట్టేది కాదు గాని, ఆమె కథ వినకపోతే ఆ పూట ముద్ద దిగేది కాదు. ఆమె రావడం ఆలస్యమైతే "ఇంకా రాదేందే సువార్త?" అని గడపకూ గదికీ తిరిగేది.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, వానలు వెనకబట్టే రోజుల్లో ఆమె ఒక కథ మొదలుపెట్టింది. ఇశ్రాయేలు అనే కులపోళ్ల ముసలాయన, ఆయనకు బోలెడంత మంది కొడుకులు, గొర్రెల మందలు. వాళ్ల దేశంలో కరువు పడింది. ఐగుప్తు అనే దేశంలో గింజలున్నాయని తెలిసి ఇంటిల్లిపాది బండ్లు కట్టుకుని బయలుదేరారు. మొదటి రోజే బాపమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది. "గొర్లను కూడ తోలుకపోయిండ్రా? మేత లేకుంటె దారిల ఎట్ల?" అని అడిగింది. అవతలి రోజు, ఆ దేశపు రాజు వాళ్లకు గోషెను అనే సీమ ఇచ్చాడని సువార్తమ్మ చెప్పింది.

"ఊకెనే ఇచ్చిండా?"

"ఊకెనే ఇచ్చిండు అవ్వా. పచ్చటి పొలం. గొర్లకు గడ్డి."

"మంచి రాజు" అంది బాపమ్మ. ఇంకో బీడీ చుట్టి, "మన మిల్లు దొరోలె గాదు" అని కూడా అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంటి మీదికి చిక్కు వచ్చిపడింది. బాపు పనిచేసే కార్ఖానాలోకి మరమగ్గాలు వస్తున్నాయి, చేతిమగ్గాలు తీసేస్తున్నారు, కొత్తవాటి మీద కుర్రాళ్లను పెట్టుకుంటారట. తోటివాళ్లు కూలి కోసం దూరాన ఉన్న భివండి పట్నం పోతున్నారు, బాపును కూడా రమ్మన్నారు. పోతే ఏడాదికొకసారి పండక్కి రావడమే. ఇంకో దారి కూడా ఉంది. మా వాడా మూలనున్న ఖోలీ ఖాళీ అయింది. అందులో కాళ్లు దింపుకుని కూర్చుని నేసే మగ్గం గుంత ఉంది, కర్రలున్నాయి, అద్దెకు మాలక్ ఒప్పుకున్నాడు, దసరాలోపల చెప్పమన్నాడు. సొంత మగ్గం పెట్టుకుంటే బాపు ఇల్లు కదలక్కర్లేదు. బాపు నెమ్మది మనిషి, తల్లి మాట జవదాటడు. అన్నం ముందు కూర్చుని, తలెత్తకుండా అడిగాడు.

"అవ్వా, మూల ఖోలీల మగ్గం పెడత."

"మన మగ్గం ఎర్రకుంటల ఉన్నది" అంది బాపమ్మ.

"ఆడ ఇల్లే లేదాయె. కూలిపోయిందని చెప్పిరి గద."

"గోడలు కూల్తయి. కొసలు నా దగ్గర ఉన్నయి. ఈడ గుంతల కాలు పెడితె, ఇగ మనం పోం కొడుకా."

"పోకుంటె ఏమైతది?" అని బాపు అనలేదు. చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మ మర్నాడు పొద్దున చేసిన రొట్టెలు వాకిలి అవతలికి వినిపించేటట్టు కొట్టింది. బాపు భివండి పోవడానికి ట్రంకు పెట్టె దింపి తుడిచాడు. ఆ పెట్టె మూత తెరిచి ఉంటే చాలు నాకు దిగులు. దాన్ని నేను మూసేదాన్ని, ఆయన తెరిచేవాడు. మా బాపు సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు చొక్కా మీద నూలు పీచు అంటుకుని ఉండేది, నేను దాన్ని ఏరి చిన్న ఉండ చేసేదాన్ని. ఆయన వెళ్లిపోతే ఇంక ఎవరి చొక్కా మీద ఏరాలి? ఇంతకంటే పెద్ద బాధ లోకంలో ఉంటుందని నాకు తెలియదు.

అట్లాంటి ఒక సాయంత్రం సువార్తమ్మ కథ ముగింపుకు వచ్చింది. గోషెనులో వాళ్లు స్థిరపడ్డారు, మందలు పెరిగాయి, మనవలు పుట్టారు. బాపమ్మ వినడం లేదనుకున్నాం. చేట పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"వాళ్ల ఊర్ల మల్ల వానలు పడ్డయా?"

"పడ్డయి అవ్వా."

"వానలు పడ్డాక పోయిండ్రా?"

సువార్తమ్మ ఆకు కత్తిరించడం ఆపింది. మా ఇంట్లో జరుగుతున్నది ఆమెకు తెలుసు. ఒకటే గోడ మరి. "పోలె" అంది.

"ఎందుకు పోలె? ముసలోడు అడగలేదా?"

"అడిగిండు. నన్ను ఈ మట్టిల పెట్టకుండ్రి, మన ఊరికి తీస్కపోండ్రి అని కొడుకులతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఆయన పోయినంక కొడుకులు మోసుకపోయి సొంతూర్లనే పెట్టిండ్రు."

"శాబాష్" అంది బాపమ్మ. ఎన్నాళ్లకో ఆమె ముఖంలో వెలుగు చూశాను. "మంచి కొడుకులు. ఇగ ఆడ్నే ఉండిపోయిండ్రు గద?"

"లేదవ్వా. పెట్టి, మల్ల గోషెనుకే వచ్చిండ్రు."

"మల్ల వచ్చిండ్రా? ఊరి దాక పోయి?"

"పిల్లలు ఈడ ఉండిరి. గొర్లు ఈడ ఉండె. ఆడ ఎవలున్నరు?"

బాపమ్మ పక్కన పెట్టిన చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. గొంతు తగ్గించి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగింది. "మరి ఎన్నడు పోయిండ్రు?"

"నాలుగు వందల ఏండ్లకు."

"నాలుగు వందలా!" అని బాపమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "నా పన్నె అన్ని దినాలు ఆగుతదానే?" ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు, అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపమ్మ నవ్వలేదు. ఆ దేశంలో తర్వాత వాళ్లు పడ్డ బానిస బతుకు సంగతి సువార్తమ్మ ఆ సాయంత్రం చెప్పనే లేదు. మర్చిపోయి కాదు, కావాలనే దాటేసిందని పెద్దయ్యాక నాకు తెలిసింది. ఇప్పటికీ ఆ మనిషిని తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

తెల్లారి బాపు నల్లా దగ్గర ముఖం కడుక్కుంటుంటే బాపమ్మ పిలిచింది. "ఆ మూట దించు." ఆయన తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. వాకిట్లో చాప పరిచి, మూట విప్పారు. చాప లోపల పాత చీర, ఆ చీరలో వేపాకు, ఆ వేపాకులో పన్నె. బాపమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తింది. కొసల్లో సగం పైగా పొడి పొడిగా రాలిపోయాయి. పురుగు కొట్టేసింది.

తప్పు ఎక్కడ జరిగిందో నేతపనివాళ్లయిన వాళ్లందరికీ చూడగానే తెలిసింది, ఎవరూ అనలేదు. ప్రతి ఏడూ రథం పున్నమి నాడు గదికి గడియ పెట్టుకుని బాపమ్మ ఆ కొసలకు చిక్కటి గంజి పట్టించేది, నూలుకు సత్తువ ఉండాలని, పోగు బతికుండాలని. ఆ గంజి కోసమే పురుగు వచ్చింది. గాలికి వదిలేసి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేవేమో. ఆమె ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని "మీ బాపు చేతి పోగులురా" అంటూ ఏడ్చింది. బాపమ్మ ఏడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు. బాపు పక్కన కూలబడి "పోనీ అవ్వా, పోనీ" అన్నాడు.

అప్పుడు లేచింది మా అమ్మ. ఎర్రకుంట పేరెత్తితే ముఖం తిప్పుకునే అమ్మ. వచ్చి పన్నెను వెలుతురు వైపు ఎత్తి పట్టుకుని, వేలితో మెల్లగా మీటుతూ చూసి, "నడిమిట్ల గట్టిగున్నయి అత్తా. బెత్తెడు ఉన్నయి. బస్, చాలు. పక్కలకు కొత్తవి దూరుద్దాం" అంది. బాపమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, తనూ మీటి చూసింది. ఉన్నాయి.

మూల ఖోలీలో గుంత ఊడ్చి, అలికి, పసుపు పెట్టారు. బాపు తెచ్చిన కొత్త పడుగును మగ్గానికెక్కించారు. బాపమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని పన్నె ముందు కూర్చుంది, ఎదురుగా అమ్మ. అమ్మ షోలాపూరు పోగు ఎంచి అందించడం, బాపమ్మ దాన్ని తాత వదిలిన కొసతో కలిపి బొటనవేలి కింద ఒక్క మెలి తిప్పడం, మళ్లీ ఇంకో పోగు. వాళ్లిద్దరూ అంతసేపు ఎదురెదురుగా కూర్చోవడం నేను పుట్టాక అదే మొదలు. మధ్యాహ్నానికి బాపమ్మ గొంతు ఎండిపోయి దగ్గింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న సువార్తమ్మ చేతిలో చెంబుంది. ఇవ్వాలో వద్దో తెలియక నిలబడిపోయింది. బాపమ్మ తలెత్తకుండానే "ఇటు తేయే" అని చెయ్యి చాపి గటగటా తాగేసింది. అమ్మ పోగు అందించడం మర్చిపోయి చూస్తుండిపోయింది. "ఏంది చూస్తున్నవ్? అందియ్యి" అని కసిరింది బాపమ్మ.

బాపు భివండి పోలేదు. ట్రంకు పెట్టెలో అమ్మ బీడీ ఆకులు పెట్టుకుంది. నా పెళ్లయ్యేదాకా బాపు ఆ గుంతలోనే కాళ్లు పెట్టి నేశాడు, సాయంత్రాలు నేను ఆయన చొక్కా మీది పీచు ఏరుతూనే ఉన్నాను. వానల సంగతి అడగడం బాపమ్మ మానలేదు గాని "పోదాం" అనడం మానేసింది. ఒక రోజు ఆమే సుత్తె తీసుకుని గోడకు మేకు కొడుతుంటే అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఇప్పుడు ఆ వాడా స్థానంలో తువ్వాళ్ల గోదాము ఉంది. సందుల్లో పడుగులు సాగదీసేవాళ్లు లేరు, గంజి కుంచెలు లేవు, మిల్లు భోంగా కూయక ఎన్నేళ్లయిందో. బూడిద వేళ్లతో పోగు అతికే విద్య మా ఇంట్లో ఎవరికీ రాదు, నాతో సహా. బాపమ్మ, బాపు, అమ్మ, సువార్తమ్మ అందరూ షోలాపూరు మట్టిలోనే ఉన్నారు.

పోయిన ఏడు కరీంనగరంలో పెళ్లికి వెళ్లి, తిరిగి వస్తూ మా మనవణ్ణి బతిమాలి కారు ఎర్రకుంటకు మళ్లించాను. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరు చూడడం అదే మొదలు. సాలెవాళ్ల వాడ ఏదని అడిగితే నాలుగు రేకుల ఇళ్లు చూపించారు. మగ్గం చప్పుడు అక్కడా లేదు. సీతాఫలం చెట్టు కోసం వెతికాను, కనపడలేదు. ఒక ఇంటి అరుగు మీద నా ఈడు ముసలామె కూర్చుని ఉంది. "ఎవలింటికొచ్చిండ్రు?" అని అడిగింది.

"ఎవలింటికి గాదు. మా తాత ఈడ మగ్గం నేసెటోడు. ఎన్కటి కరువుల షోలాపూర్ పోయినోళ్లం" అన్నాను.

ఆమె కళ్లు చిట్లించి నన్ను కిందికీ పైకీ చూసింది. "షోలాపురమోళ్లా! మా అత్త చెప్తుండె. వానలు పడంగనె వస్తమని చెప్పి పోయిండ్రట గద!"

"వచ్చిన" అన్నాను.

"మంచిగైంది. కూసో చెల్లె. ఇంత తిని, రెండు దినాలుండి పోదువు."

అవతల మనవడు హారన్ కొట్టాడు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"లేదక్కా. ఇప్పుడు బయలెల్తెనే తెల్లారేసరికి ఇంటికి చేరుతం" అన్నాను.